కూర్చున్న బొమ్మలు

మా తమ్ముడి బొమ్మలు నిలబడటం మానేసి కూర్చోవడం మొదలుపెట్టాయి. ఇంట్లో ఈ సంగతి నేనొక్కదాన్నే కనిపెట్టాననుకున్నాను. కనిపెట్టిన రోజు నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు.

బొమ్మలంటే పిల్లలు నేలకేసి కొట్టే రకం కాదు. జానెడు పొడవుంటాయి. మెడ, భుజం, మోచెయ్యి, మోకాలు, మణికట్టు అన్నీ తిరుగుతాయి. ఎలా వంచితే అలా వంగుతాయి. కత్తి పట్టిన యోధుడొకడు, తుప్పు రంగు రోబో ఒకటి, అంతరిక్షంలోకి వెళ్లే దుస్తుల్లో ఒక అమ్మాయి, ముసుగు దొంగ ఒకడు, ఇలా అద్దాల బీరువాలో ఒక పటాలమే ఉంది. నేను బొమ్మలన్నప్పుడల్లా వాడికి రోషం. "బొమ్మలు కాదక్కా, యాక్షన్ ఫిగర్లు" అంటాడు. ఏమన్నా సరే, నాకవి బొమ్మలే. నెత్తిన వెంట్రుకలు పలచబడ్డా వాడు నాకు బుజ్జిగాడే అయినట్టు.

బుజ్జిగాడు పళ్లు చేస్తాడు. డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో వాడి పని. మైనాన్ని చిన్న కత్తితో చెక్కి, ఒక్కో పన్నుకీ దాని వంపూ దాని గాడీ తెస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే అవతలి మనిషి ఏదీ నమల్లేడు. అలాంటి పని చేసే చేతికి ఆదివారమైనా విశ్రాంతి ఇస్తాడా అంటే, ఇవ్వడు. పొద్దున్నే బొమ్మలు దింపి ఫొటోలు తీయడానికి కూర్చుంటాడు.

ఆదివారం మధ్యాహ్నం దాకా భోజనాల బల్ల బొమ్మలది. మనుషులం నేల మీద తింటాం. బల్లని కిటికీ పక్కకి జరిపి, తెల్ల చార్టుని గోడకి ఆనించి బల్ల మీదికి మెల్లగా వంపుతాడు. మడత పడకూడదు; పడితే ఫొటోలో గీత కనబడి, అది లోకం కాదు బల్ల అని తెలిసిపోతుందట. ఒకపక్క కిటికీ వెలుతురు. అది చాలకపోతే వాడి కూతురు చదువుకునే ల్యాంపు, దాని ముందు బట్టల క్లిప్పులతో బిగించిన బటర్ పేపరు. రెండోపక్క నీడ మరీ నల్లబడకుండా ఒక థర్మోకోల్ ముక్క. ఫోనుని పంచదార డబ్బాకి రబ్బరు బ్యాండ్లతో కట్టి, బొమ్మ మోకాలి ఎత్తుకి దించుతాడు. అంత కిందనుంచి చూస్తే జానెడు బొమ్మ కూడా కొండంత అవుతుంది. పిండి చల్లితే యుద్ధంలో లేచిన దుమ్ము. దూది పీకితే మబ్బు. ఇంట్లో పిండికి పిండీ, దూదికి దూదీ ఎందుకు నిలవవో మా మరదలికి పెళ్లయిన కొత్తలోనే అర్థమైంది.

మొదట్లో వాడి ఫొటోల్లో బొమ్మలు పరుగెత్తేవి, గోడలు దూకేవి. యోధుడు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు గాల్లోకి విసిరేవాడు. జిగురు లేదు, ఆసరా లేదు. మడమ కొంచెం, నడుము కొంచెం, మెడ కొంచెం తిప్పి తిప్పి, బరువంతా ఒక్క మునివేలి మీదికి తెచ్చి మెల్లగా వదిలేవాడు. "ఎవరూ తుమ్మకండి" అనేవాడు. మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం. నవ్వొచ్చినా నవ్వేవాళ్లం కాదు. ఫొటో పడ్డాక వాడి ముఖం చూడాలి. పన్ను చేసినా అంత మురిసిపోడు.

నేను వాళ్ల పై వాటాలో ఉంటాను. బట్టలు సరిచేయడం నా పని. వదులైనవి బిగిస్తాను, బిగుతైనవి వదులు చేస్తాను. పెళ్లి చేసుకోలేదు కాబట్టి నా పెత్తనమంతా కింది వాటా మీదే అని మరదలు నవ్వుతుంది. కాదనను. మధ్యాహ్నం బడి నుంచి రాగానే మేనకోడలు పైకొచ్చి, సూదులన్నింటికీ దారం ఎక్కించి, తన ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. నా కళ్లజోడు పవరు మారింది. మార్పించుకోవాలి, తీరిక లేదు.

అలా ఒక మధ్యాహ్నం అది వాళ్ల నాన్న తీసిన కొత్త ఫొటోలు చూపించింది. యోధుడు బండ మీద కూర్చుని కత్తికి పదును పెడుతున్నాడు. బాగుంది. అంతరిక్షం అమ్మాయి మెట్ల మీద కూర్చుని హెల్మెట్ ఒళ్లో పెట్టుకుంది. అదీ బాగుంది. రోబో గోడకి జారగిలబడింది. ముసుగు దొంగ బోర్లా పడుకున్నాడు.

"ఏంటే, మీ నాన్న పటాలానికి జ్వరమొచ్చిందా? అందరూ చతికిలబడ్డారు?" అన్నాను.

పిల్ల నవ్వలేదు. "లైట్ సరిగ్గా ఉండట్లేదంట అత్తా" అంది.

వెలుతురు చాలకపోతే బొమ్మ కూర్చోవడం ఏమిటో నాకర్థం కాలేదు. ఆ సాయంత్రం కిందికి దిగితే మరదలు టీ ఇచ్చింది. నా గ్లాసు అంచుదాకా ఉంది. వాడి గ్లాసులో సగమే. "ఏమ్మాయ్, మొగుడి దగ్గర పిసినారితనమా?" అని నోరు జారాను. మరదలు తల ఎత్తలేదు. వాడు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తాగేలోపు ఆ సగం టీ కూడా ఒకసారి తొణికింది. నేను నా గ్లాసు కింద పెట్టేశాను.

ఎందుకంటే అది నేను చూసిందే. మా నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు. తాడు పట్టకుండా గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసేవాడు. అలాంటి మనిషి చెయ్యి వణకడం మొదలైంది. కుంచె మంచిది కాదన్నాడు. తర్వాత నిచ్చెన ఊగుతోందన్నాడు. బోర్డు రాయించుకునేవాళ్లు దగ్గరికొచ్చి, తాగాడేమోనని వాసన చూసేవాళ్లు. ఆయన జన్మలో తాగి ఎరగడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఇంతెత్తున లేచేవాడు. ఒకనాడు కుంచెలన్నీ కిరసనాయిలు డబ్బాలో పెట్టి, మళ్లీ తియ్యలేదు.

ఆ తర్వాత కూడా టీ గ్లాసు నిండా పొయ్యాల్సిందే. సగం పోస్తే, "నేనప్పుడే సగం మనిషినయ్యానా?" అనేవాడు. అమ్మ నిండా పోసేది, ఆయన చొక్కా మీద ఒలకబోసుకునేవాడు, ఆమె ఏమీ జరగనట్టు తుడిచేది. అందుకే మా ఇంట్లో ఎవరికీ సగం గ్లాసు ఇవ్వం. అదొక నియమంలా ఉండిపోయింది. ఇప్పుడు మరదలు ఇస్తోంది, వాడు మాట్లాడకుండా తీసుకుంటున్నాడు.

అప్పటినుంచి నాకు వాడి చేతులు తప్ప ఏమీ కనబడలేదు. తాళం తీస్తుంటే చూసేదాన్ని, చొక్కా తొడుక్కుంటుంటే చూసేదాన్ని. మైనం చెక్కే కత్తి ఈ చేతిలో ఏం చేస్తోందోనని ఆలోచించేదాన్ని. ల్యాబ్ సంగతి కదిపితే, "మైనం పని పక్క బల్లాయనకి ఇచ్చేశానక్కా, నేను ప్లాస్టర్ పోస్తున్నా. కళ్లకి శ్రమ తగ్గుతుందని" అన్నాడు. మా నాన్న నిచ్చెన గుర్తొచ్చింది. అడగాలంటే భయం, అడక్కపోతే భయం. అడిగితే ఉన్నదని చెబుతాడేమో. మామూలుగా ఊరంతటికీ బుద్ధులు చెప్పే నా నోరు అక్కడికొచ్చేసరికి పెగల్లేదు.

అప్పుడొచ్చాడు బొమ్మల షాపాయన. బుజ్జిగాడు చాలా బొమ్మలు కొన్నది ఆయన దగ్గరే. షాపుని పెద్దది చేస్తున్నాడట, ముందు అద్దం మీద నిలువెత్తు ఫొటో కావాలట. "కొత్తవి కాదు సార్, మీరు పాతరోజుల్లో తీశారే, యోధుడు ఎగిరి దూకుతున్నట్టు. అలాంటిది, ఇంకా పెద్ద సైజుకి పనికొచ్చేది ఒకటి తీసివ్వండి. మీ పేరు కూడా కింద రాయిస్తా" అన్నాడు. మా వాడి ముఖం ఒక్క క్షణం వెలిగి, వెంటనే ఆరిపోయింది. కాదనలేక తలూపాడు.

ఆ ఆదివారం పొద్దున్నే పని ఉందని కిందికి దిగి, లేని పనిని చేస్తున్నట్టు బల్లకి ఎదురుగా కూర్చున్నాను. చార్టు పరిచాడు. ల్యాంపు పెట్టాడు. ఫోను డబ్బాకి కట్టాడు. యోధుణ్ణి తీసి ఒంటికాలి మీద నిలబెట్టబోయాడు. యోధుడు పడిపోయాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడ్డాడు. పడినప్పుడల్లా బల్ల మీద టక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు ఎక్కడో తగులుతోంది.

"లైట్ సరిగ్గా లేదు" అని ల్యాంపు ఇటు జరిపాడు. యోధుడు పడ్డాడు. ల్యాంపు అటు జరిపాడు. యోధుడు పడ్డాడు.

నా ఓపిక నశించింది. "లైటుకీ వాడు పడటానికీ ఏంట్రా సంబంధం?"

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు కంగారుగా ఉందక్కా. పైకెళ్లు."

"వెళ్లను. చెయ్యి చూపించు."

"ఏ చెయ్యి?"

"నీకెన్ని చేతులున్నాయో అన్నీ చూపించు!"

వాడు రెండు చేతులూ బల్ల కిందికి దించేశాడు. తప్పు చేసిన పిల్లాడిలా దాచుకున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండిందో, ఏడుపొచ్చిందో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. "మాకు చెవుల్లో పువ్వులు పెడతావా? నాన్నా ఇలాగే దాచాడు. ఏం బావుకున్నాడు? నేను చెప్పకపోతే ఈ ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నావా?" అని అరిచాను.

వంటింట్లోంచి మరదలు వచ్చింది. "వదినా, అరవకండి. నాకు తెలుసు" అంది. "చొక్కాలకి గుండీలు తీసేసి టిచ్ బటన్లు కుట్టింది నేనే. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు."

పిల్ల గుమ్మంలో నిలబడింది. "నాన్న వేలు పెడితే ఫోను కదిలి ఫొటో చెదిరిపోతోంది. అందుకే టైమర్ పెట్టా. దానంతటదే తీసుకుంటుంది. ఫొటో ఇంకా బాగా వస్తుందని చెప్పా అంతే" అంది.

అంటే అందరికీ తెలుసు. ఎవరికి వాళ్లం పక్కవాళ్లకి తెలియదనుకుని, ఒకళ్లు టీ తగ్గించి గుండీలు మార్చి, ఒకళ్లు టైమర్ పెట్టి, ఈ మనిషి పడిపోకుండా నాలుగు వైపులా ఆసరాలు పెట్టుకుంటూ వచ్చాం.

బుజ్జిగాడు చేతులు పైకి తీసి బల్ల మీద పెట్టాడు. ఊరికే పెట్టినప్పుడు బాగానే ఉన్నాయి. యోధుణ్ణి పట్టుకోవడానికి వేళ్లు దగ్గరికి తేగానే వణుకు మొదలైంది. "నాన్నలాగేనక్కా" అన్నాడు. "మైనం కత్తి ఇప్పటికే వదిలేశా. రేపు ప్లాస్టర్ కూడా పొయ్యనివ్వరు. నాకు ఇంకో పని రాదు." నేను వాడి తల నా పొట్టకి అదుముకున్నాను. చిన్నప్పుడు దెబ్బ తగిలితే అలాగే అదుముకునేదాన్ని. భయమేస్తోందిరా, నాకు చాలా భయమేస్తోంది అన్నాను. అక్కని కదా, ధైర్యం చెప్పాలని అప్పుడు తోచలేదు.

మర్నాడు నరాల డాక్టరమ్మ దగ్గరికి అందరం వెళ్లాం. పిల్ల బడి ఎగ్గొట్టి మరీ వచ్చింది. బయట వరసగా కూర్చున్నవాళ్లలో ఎవరి చెయ్యి ఊగినా నా కళ్లు అటే పోయాయి. లోపల ఆవిడ వాడి చేత కాగితం మీద సున్నాలు చుట్టించింది, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయించింది, గదిలో నడిపించింది. "ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది. వాడు మొన్నమొన్నే అన్నాడు. మరదలు వానల ముందు నుంచి అంది. నేను ఇంకా ముందే అన్నాను. ఆవిడ ముందు కూడా మాకు కీచులాటే.

పిల్ల వాళ్ల నాన్న ఫోను తీసి ఆవిడ చేతికిచ్చింది. "ఇవి వరసగా ఉంటాయి మేడమ్, చూడండి."

డాక్టరమ్మ వేలితో ఒక్కొక్కటీ జరిపింది. దూకే యోధుడు. పరుగెత్తే దొంగ. రెండు కాళ్ల మీద నిలబడ్డ యోధుడు. గోడకి చెయ్యి ఆనించిన అమ్మాయి. జారగిలబడ్డ రోబో. తర్వాత అందరూ కూర్చున్నారు. ఆవిడ మళ్లీ వెనక్కి వెళ్లి, గోడకి చెయ్యి ఆనించిన ఫొటో దగ్గర ఆగింది. "ఇక్కడ" అంది. ఆ ఫొటో పోయిన ఏడాది పిల్ల పుట్టినరోజు నాటిది. ఆ రోజు మేమంతా ఎంత నవ్వామో నాకు గుర్తుంది. అంత నవ్వులో వాడు ఒక్కడే ఇది మోస్తున్నాడన్నమాట.

"పనికి చెయ్యి ఎత్తినప్పుడు వచ్చే వణుకు ఇది. మంచాన పడేసే జబ్బులా అనిపించట్లేదు, అయినా పరీక్షలు చేయిద్దాం. మందులతో తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం నేను మాటివ్వలేను. మీ నాన్నగారిదీ ఇదే అయ్యుండొచ్చు. కొన్ని కుటుంబాల్లో వస్తూ ఉంటుంది" అంది. తర్వాత మా అందరి వైపూ చూసి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

"లేదు" అన్నాను. నేనే ముందు అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

పరీక్షల్లో ఆవిడ చెప్పినట్టే తేలింది. ల్యాబ్ ఓనరుకి వాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పంటి రంగు సరిపోల్చడంలో వాడి కన్ను మంచిదని, ప్రస్తుతానికి ఆ పని చూడమన్నాడు ఓనరు, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆ "చూద్దాం"లో ఏముందోనని మరదలూ నేనూ ఇప్పటికీ మథనపడుతున్నాం. మందు వేసుకున్నప్పటి నుంచి వణుకు కొంత నెమ్మదించింది. ఒంటికాలి మీద యోధుణ్ణి నిలబెట్టేంత కాదు.

"అయితే వేలాడదీద్దాం" అన్నాను నేను. దారం నా సామ్రాజ్యం కదా. కనీకనబడని సన్న దారం తెచ్చాను. మేనకోడలు దాన్ని యోధుడి నడుముకి కట్టింది. నేను స్టూలెక్కి పైనుంచి పట్టుకున్నాను. వాడు కింద పంచదార డబ్బా పక్కన చెంప బల్లకి ఆనించి, "ఇంకొంచెం పైకి అక్కా, అదీ, కదపకు" అంటున్నాడు. పిల్ల పిండి చల్లింది. మరదలు ల్యాంపు పట్టుకుంది. చాలా రోజుల తర్వాత అందరం ఊపిరి బిగబట్టాం. టైమర్ టిక్కుటిక్కుమని, ఫొటో పడింది.

వాడు ఫోను విప్పి ఫొటోని వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. కత్తి మొన దగ్గర రెండు మొనలున్నాయి. యోధుడి ముఖం కూడా చెదిరింది. దారమైతే ఒక్క గీత కాదు, పొగలా ఉంది. స్టూలు మీద నుంచే నాకు కనబడింది.

మళ్లీ తీశాడు. మళ్లీ అంతే.

నా కళ్లజోడు బల్ల మీదే ఉంది. అది లేకుండానే నాకు అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. దారం పట్టుకున్న వేళ్లని పిడికిలిగా బిగించాను.

వాడు తలెత్తి నా చేతి వైపు చూశాడు, తర్వాత నా ముఖం వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.  వాడే అన్నాడు.

"లైట్ సరిగ్గా లేదక్కా. దిగు, దారం కర్టెను కడ్డీకి కట్టేద్దాం."

పిల్ల స్టూలెక్కి దారం కట్టింది. ఈసారి కత్తి మొన ఒక్కటే పడింది, సూదిలా. యోధుడు దుమ్ములోంచి పైకి లేచాడు, కొండంత. బొమ్మల షాపాయనకి ఇది చాలు. మరదలు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నాకు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. 

వాడు వంటింట్లోకి వెళ్లి, ఎన్నడూ లేనిది తనే టీ పట్టుకొచ్చాడు, ఒక్కో గ్లాసూ రెండు చేతులతో. మరదలికి ఇచ్చాడు, నిండుగా ఉంది. నాది నా ముందు పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

నా గ్లాసులో సగమే ఉంది.